ఒక్క ఫోటాన్‌ను పసిగట్టే తీగ – పరిశోధనకు ఒక పిలుపు



2023 డిసెంబరు 11న అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని పాలొమార్ కొండ మీద ఉన్న హేల్ టెలిస్కోపు ఒక చిన్న వీడియోను అందుకుంది. పదిహేను సెకన్ల వీడియో. పంపింది సైకీ అనే అంతరిక్ష నౌక. అప్పటికి ఆ నౌక భూమికి మూడు కోట్ల పది లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ వీడియో వచ్చింది రేడియో తరంగాల మీద కాదు, లేజర్ కాంతి మీద. కాంతి ఎంతో వేగగామి. దానికే భూమిని చేరడానికి 101 సెకన్లు పట్టింది.

అంత దూరం వచ్చేసరికి లేజర్ కిరణం విశాలంగా పరుచుకుపోతుంది. ఐదు మీటర్ల అద్దం ఉన్న ఆ పెద్ద టెలిస్కోపు కూడా అందులో అతి కొద్ది భాగాన్నే ఏరుకోగలదు. చివరికి చేతికందేవి విడివిడిగా వచ్చిపడే కాంతి కణాలు, అంటే ఫోటాన్లు. వాటిని ఒక్కొక్కటిగా పట్టుకోవాలి, ఏది ఏ క్షణాన వచ్చిందో రాసుకోవాలి, ఆ రాతలోంచి మళ్లీ బొమ్మను కూర్చాలి. పాలొమార్‌లో ఆ పట్టుకునే పని చేసింది 64 గడులున్న ఒక చిన్న చిప్పు. దాన్ని సుమారు ఒక కెల్విన్ చలిలో ఉంచారు. ఆ చిప్పు మీద ఉన్నవి అతివాహక తీగలు. శాస్త్రవేత్తలు వాటిని సూపర్‌కండక్టింగ్ నానోవైర్ సింగిల్ ఫోటాన్ డిటెక్టర్లు అంటారు. ఈ ప్రసంగంలో నేను వాటిని నానోతీగలు అంటాను.

ఈ నానోతీగల మీద పీహెచ్‌డీ చేసే అవకాశాల గురించి ఇవాళ మాట్లాడతాను. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నవారు, ఎలక్ట్రానిక్స్‌లోనో మెటలర్జీలోనో బీటెక్ ముగించబోతున్నవారు, వాళ్ల తల్లిదండ్రులు, వాళ్లకు పాఠాలు చెప్పే మాస్టార్లు ఈ మాటలు కాస్త శ్రద్ధగా వినాలని నా కోరిక. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. క్వాంటమ్ యుగం వస్తోందని అందరం అంటున్నాం. ఆ యుగపు పరికరాలను కొని తెచ్చుకోవడం ఒక పని, తయారుచేయడం ఇంకొక పని. తయారుచేసే విద్య మన పిల్లలకు అబ్బాలి. దానికి ఉన్న మంచి దారుల్లో ఈ పరిశోధన ఒకటి.

ముందు, ఒక్క ఫోటాన్‌ను పట్టుకోవడం ఎందుకంత కష్టమో చూద్దాం. ఒక్క వాట్ ఆకుపచ్చ కాంతిలో సెకనుకు ఎన్ని ఫోటాన్లు ఉంటాయో తెలుసా? మూడు పక్కన పద్దెనిమిది సున్నాలు పెట్టండి, సుమారుగా అన్ని. వాటిలో ఒక్కదాని శక్తి ఎంత స్వల్పమో దీన్నిబట్టి ఊహించవచ్చు. టెలిఫోన్, ఇంటర్నెట్ మాటలు మోసే ఆప్టికల్ ఫైబర్‌లో ప్రయాణించే కాంతిలో ఒక్కో ఫోటాన్ ఇంకా బలహీనమైనది. దాని తరంగదైర్ఘ్యం 1550 నానోమీటర్లు, కంటికి కనిపించని పరారుణ కాంతి. గాజుతీగలో అతి తక్కువ నష్టంతో సాగేది ఆ రంగే కాబట్టి దూరపు ప్రయాణాలకు ప్రపంచమంతా ఎక్కువగా దాన్నే వాడుతోంది. కానీ మన సెల్‌ఫోన్ కెమెరాల్లో ఉండే సిలికాన్‌కు ఆ కాంతి కనిపించదు. సిలికాన్‌లో ఒక ఎలక్ట్రాన్‌ను కదిలించడానికి కావలసినంత శక్తి ఆ ఫోటాన్‌కు లేదు.

అతివాహక పదార్థం సంగతి వేరు. 1911లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో కామర్లింగ్ ఓన్స్ పాదరసాన్ని ద్రవ హీలియంతో చల్లబరిచి చూశారు. సుమారు 4.2 కెల్విన్ దగ్గర, అంటే మైనస్ 269 సెల్సియస్ డిగ్రీల దగ్గర, దాని విద్యుత్ నిరోధం ఒక్కసారిగా మాయమైపోయింది. ఆ స్థితిలో ఎలక్ట్రాన్లు జంటలు కట్టి ఏ అడ్డూ లేకుండా సాగిపోతాయని తరవాత తెలిసింది. ఆ జంటను విడదీయడానికి చాలా తక్కువ శక్తి చాలు. సిలికాన్‌ను కదిలించలేని పరారుణ ఫోటాన్ ఇక్కడ వందల జంటలను విడగొట్టగలదు. నానోతీగ శక్తి అంతా ఈ సున్నితత్వంలో ఉంది.

అది పనిచేసే తీరు వినండి. నియోబియం నైట్రైడ్ లాంటి పదార్థాన్ని ఐదారు నానోమీటర్ల మందాన పొరగా పరుస్తారు. ఆ పొరలోంచి సుమారు వంద నానోమీటర్ల వెడల్పున్న తీగను చెక్కుతారు. దాన్ని రెండు మూడు కెల్విన్ల వరకూ చల్లబరుస్తారు. ఇప్పుడు తీగలోకి కరెంటు పంపుతారు. ప్రతి అతివాహక తీగకూ ఒక హద్దు ఉంటుంది. అంతకు మించి కరెంటు పంపితే అది మామూలు లోహమైపోతుంది. ఆ హద్దుకు కాస్త దిగువన కరెంటును నిలిపి ఉంచుతారు.

డెల్టాలో పంట కాలువ గట్టు అంచుదాకా నిండి పారుతోందనుకోండి. మధ్యలో ఒక పెద్ద మట్టిపెళ్ల విరిగిపడితే నీరు రెండు పక్కలకూ తోసుకుపోతుంది. పక్కల్లో చోటు లేదు. గట్టు పొర్లుతుంది. నానోతీగలోనూ అదే జరుగుతుంది. ఫోటాన్ పడినచోట జంటలు విడిపోయి, అతివాహకత్వం పోయిన ఒక చిన్న మచ్చ ఏర్పడుతుంది. కరెంటు ఆ మచ్చను తప్పించుకుని పక్కలకు ఒత్తుకుంటుంది. పక్కల్లో కరెంటు హద్దు దాటుతుంది. తీగ వెడల్పు మొత్తం నిరోధం పుడుతుంది. అప్పుడు కరెంటు తీగను వదిలి, పక్కనే కలిపి ఉంచిన యాంప్లిఫయర్‌లోకి మళ్లుతుంది. అక్కడ ఒక వోల్టేజీ గంతు కనిపిస్తుంది. ఫోటాన్ వచ్చిందన్న వార్త అదే. కొన్ని పదుల నానోసెకన్లలో తీగ మళ్లీ చల్లబడి, తరవాతి ఫోటాన్ కోసం సిద్ధంగా ఉంటుంది.

ఈ ఆలోచనను 2001లో మాస్కో స్టేట్ పెడగాజికల్ యూనివర్సిటీకి చెందిన గ్రిగరీ గోల్ట్స్‌మన్, ఆయన సహచరులు కలిసి ప్రయోగంలో చూపించారు. ఆ పనిలో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయం వారూ పాలుపంచుకున్నారు. తొలి రోజుల్లో ఈ తీగల మీద పడిన ఫోటాన్లలో చాలా భాగం తప్పించుకుపోయేవి. తరవాత తీగ కింద అద్దంలా పనిచేసే పొరలు చేర్చారు. కొత్త పదార్థాలు వెతికారు. 2013లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ నిస్ట్, నాసా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ కలిసి టంగ్‌స్టన్ సిలిసైడ్ తీగలతో 93 శాతం సామర్థ్యాన్ని చేరుకున్నాయి. 2020లో నిస్ట్ శాస్త్రవేత్తలు మాలిబ్డినం సిలిసైడ్‌తో దాన్ని 98 శాతానికి తీసుకుపోయారు. వంద ఫోటాన్లు వస్తే తొంభై ఎనిమిది దొరికినట్టే.

పట్టుకోవడం ఒక్కటే చాలదు. రానిదాన్ని వచ్చిందని చెప్పకూడదు. 2022లో కృష్ణ పదార్థం (డార్క్ మ్యాటర్) కోసం చేసిన ఒక వెతుకులాటలో నానోతీగ 180 గంటలపాటు చీకట్లో కూర్చుని నాలుగంటే నాలుగు సార్లు మాత్రమే పొరపాటున పలికింది. ఎప్పుడు వచ్చిందో కూడా కచ్చితంగా చెప్పాలి. 2020లో చూపిన ఒక ప్రయోగంలో ఆ అనిశ్చితి మూడు పికోసెకన్ల లోపుకు దిగింది. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్ల వంతు. మూడు పికోసెకన్లలో కాంతి ఒక మిల్లీమీటరు కూడా కదలదు. సామర్థ్యం, నిశ్శబ్దం, వేగం – పరారుణ కాంతిలో ఈ మూడూ ఇంత ఎత్తున ఒకేచోట కూడిన పరికరం ఇదే.

దీనివల్ల ఎవరికి ఏమి ఉపయోగం? మొదటిది రహస్య సమాచారం. రహస్య సందేశాన్ని విప్పే తాళంచెవిని క్వాంటమ్ పద్ధతిలో పంపేటప్పుడు మనం నమ్ముకునేది విడి ఫోటాన్లను. ఫైబర్‌లో వంద కిలోమీటర్లు పోయేసరికి వందలో ఒకటే మిగులుతుంది. మామూలు సంకేతమైతే దారిలో యాంప్లిఫయర్ పెట్టి పెంచుకోవచ్చు. క్వాంటమ్ సంకేతానికి నకలు తీయడం ప్రకృతి ఒప్పుకోదు. అందుచేత మిగిలిన ఆ కొన్నింటిని వదలకుండా పట్టుకోవలసిందే. 2023లో చైనా శాస్త్రవేత్తలు వెయ్యి కిలోమీటర్లకు పైబడిన ఫైబర్ మీద ఈ పని చేసి చూపగలిగారంటే చివర నానోతీగలు ఉండబట్టే. 2020లో వాళ్లు ప్రకటించిన జియుజాంగ్ అనే కాంతి క్వాంటమ్ కంప్యూటర్‌లో ఇలాంటి డిటెక్టర్లు వంద ఉన్నాయి.

రెండోది మూలసూత్రాల పరీక్ష. ప్రకృతి నిజంగా క్వాంటమ్ సిద్ధాంతం చెప్పినట్టే నడుస్తోందా అన్న ప్రశ్నకు లొసుగులు లేని జవాబు 2015లో వచ్చింది. ఆ ఏడాది జరిగిన ప్రయోగాల్లో ఒకదానికి నిస్ట్ నానోతీగలే కళ్లు. మూడోది వైద్యం. కాంతితో కేన్సర్‌కు చేసే ఒక చికిత్సలో ఉత్తేజిత ఆక్సిజన్ కణితి కణాలను చంపుతుంది. ఆ ఆక్సిజన్ 1270 నానోమీటర్ల దగ్గర అతి మసకగా వెలుగుతుంది. ఆ వెలుగును కొలిస్తే మందు ఎంత పనిచేస్తోందో తెలుస్తుంది. నానోతీగలతో ఆ కొలతను ప్రయోగశాలలో ఇప్పటికే చేసి చూపారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ రంగంలో పీహెచ్‌డీ విద్యార్థి రోజూ చేసే పని ఏమిటి?

మొదట పొర పరచడం నేర్చుకోవాలి. గాలి తీసేసిన ఉక్కు గదిలో నియోబియం పళ్లెం ఉంటుంది. ఆర్గాన్, నైట్రోజన్ వాయువులను కొలిచి వదులుతారు. ఆర్గాన్ అయాన్లు నియోబియాన్ని ఢీకొడితే రేగిన పరమాణువులు నైట్రోజన్‌తో కలిసి ఎదురుగా ఉన్న చిప్పు మీద పేరుకుంటాయి. ఇదే స్పటరింగ్. పొర మందం ఒక్క నానోమీటరు తేడా వస్తే అది అతివాహకమయ్యే ఉష్ణోగ్రత మారిపోతుంది. నైట్రోజన్ పాలు కాస్త అటూ ఇటూ అయినా అంతే. విద్యార్థి ఎన్నో పొరలు పరిచి, ప్రతిదాన్నీ కొలిచి, చివరికి తన యంత్రం గుణం తాను తెలుసుకుంటాడు లేదా తెలుసుకుంటుంది.

తరవాత తీగ గీయడం. ఎలక్ట్రాన్ల పుంజంతో, రసాయనపు పూత మీద, మెలికలు తిరిగే నమూనాను రాస్తారు. పూత లేనిచోట ఉన్న పొరను వాయువులతో తొలిచేస్తారు. పదిహేను మైక్రాన్ల చదరంలో అటూ ఇటూ మెలికలు తిరిగిన ఆ తీగను సాగదీస్తే పొడవు మిల్లీమీటరు దాటుతుంది. వెడల్పుకు పదివేల రెట్ల పొడవు. ఇక్కడే ఉంది ఈ పనిలోని కఠినమైన నీతి. అంత పొడవునా ఏ ఒక్కచోట తీగ సన్నబడినా, ఆ ఒక్కచోటే మొత్తం తీగ హద్దును నిర్ణయిస్తుంది. మిగతా భాగమంతా దానికి లోబడి, ఫోటాన్లను సరిగా చూడలేకపోతుంది. తొంభై తొమ్మిది పాళ్లు బాగుంది అన్న మాట ఇక్కడ చెల్లదు. చిప్పులు ఎన్నో పాడవుతాయి. ఎందుకు పాడైందో మైక్రోస్కోపులో వెతకడమూ పరిశోధనలో భాగమే.

ఆ పైన చల్లబరచడం. ఇప్పుడు ప్రతిసారీ ద్రవ హీలియం పోసుకోనక్కరలేదు. కరెంటుతో నడిచే క్రయోకూలర్లు వచ్చాయి. మూసి ఉన్న గొట్టాల్లో హీలియం వాయువే తిరుగుతుంది. సెకనుకు ఒకసారి ఠంగ్ ఠంగ్ మంటూ యంత్రం మోగుతుంటే గంటల తరబడి ఉష్ణోగ్రత దిగుతుంది. అది రెండు మూడు కెల్విన్లకు చేరాక కరెంటు పెంచుతూ కొలవాలి. ఆ తరవాత కాంతిని ఫోటాన్ల స్థాయికి తగ్గించి తీగ మీదకు పంపాలి. గంతులు లెక్కపెట్టాలి. కాంతి ఆపేసి మళ్లీ లెక్కపెట్టాలి. అక్కడి నుంచి ఫలితాన్ని సిద్ధాంతంతో పోల్చి, కంప్యూటర్ నమూనా రాసి, నమూనాను మార్చి, మళ్లీ పొర పరచడం దగ్గరికే రావాలి.

పదార్థ శాస్త్రం, నానో తయారీ, శీతల విజ్ఞానం, సూక్ష్మ ఎలక్ట్రానిక్స్, ఆప్టిక్స్, క్వాంటమ్ సిద్ధాంతం – ఇన్నీ ఒక మనిషి చేతుల మీదుగా సాగుతాయి. పెద్ద యంత్రంలో ఒక చిన్న భాగం మీద ఏళ్లు గడిపే పరిశోధనలూ విలువైనవే. కానీ ఆలోచన నుంచి వస్తువు దాకా, వస్తువు నుంచి కొలత దాకా మొత్తం దారిని ఒక్కరే నడిచే అవకాశం ఈ రోజుల్లో అరుదు. నాకు ఈ రంగం మీద ఉన్న గౌరవానికి కారణం అదే. ఇలా చదివినవాళ్లు ఏ ప్రయోగశాలకు వెళ్లినా నిలబడగలరు.

అంతా అయిపోయింది, ఇంకేం మిగిలిందని అనుకోకండి. ఫోటాన్ పడ్డ తొలి పికోసెకన్లలో తీగలో కచ్చితంగా ఏం జరుగుతుందన్నది నేటికీ చర్చలోనే ఉంది. సన్నని తీగే కావాలని అందరూ అనుకుంటుండగా, 2018లో మైక్రాన్ల వెడల్పున్న పట్టీలు కూడా ఒక్క ఫోటాన్‌ను చూడగలవని తేలింది. అలాంటి పట్టీలను చెక్కడం సులువు, పెద్ద కెమెరాలకు అనువు. 2023లో నిస్ట్ బృందం నాలుగు లక్షల గడుల నానోతీగ కెమెరాను చూపింది. అన్ని గడుల నుంచి సమాచారాన్ని చలిలోంచి బయటికి తేవడం పెద్ద సవాలు. కాస్త ఎక్కువ ఉష్ణోగ్రతలో పనిచేసే పదార్థాలు కావాలి. 20 కెల్విన్ల దగ్గర పనిచేసేవి ప్రయోగశాల స్థాయిలో కనిపించాయి. ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల వాతావరణాలను చదవాలంటే ఇంకా పొడవైన తరంగాల్లో చూడగల తీగలు కావాలి. వీటిలో ఏ ఒక్కదాన్ని తీసుకున్నా ఒక సిద్ధాంత వ్యాసానికి సరిపడా పని ఉంది.

ఎక్కడ చేయాలి? స్కాట్లండ్‌లోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ నడిపే క్వాంటమ్ సెన్సర్ల బృందం ఈ రంగంలో పేరున్నది. ఉష్ణోగ్రతల కొలమానానికి పేరిచ్చిన లార్డ్ కెల్విన్ అర్ధ శతాబ్దానికి పైగా ఆచార్యుడిగా ఉన్నది ఆ విశ్వవిద్యాలయంలోనే. అమెరికాలో ఎంఐటీ, నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్, చైనాలో షాంఘై, మరికొన్ని చోట్ల బలమైన బృందాలున్నాయి. డెల్ఫ్ట్ పరిశోధనల్లోంచి 2012లో పుట్టిన సింగిల్ క్వాంటమ్ అనే సంస్థ ఇప్పుడు ఈ డిటెక్టర్లను అమ్ముతోంది. పీహెచ్‌డీ పని పరిశ్రమగా మారగలదనడానికి అది నిదర్శనం.

విదేశాలకే వెళ్లాలని లేదు. ముంబయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థలో నియోబియం నైట్రైడ్ పలుచని పొరల మీద ఏళ్లుగా పరిశోధన సాగుతోంది. కేంద్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో 6,003 కోట్ల రూపాయలకు పైగా నిధులతో జాతీయ క్వాంటమ్ మిషన్‌కు ఆమోదం తెలిపింది. ఒంటి ఫోటాన్ డిటెక్టర్ల తయారీ ఆ మిషన్ లక్ష్యాల్లో ఒకటి. దాని కింద బెంగళూరు ఐఐఎస్సీ, మద్రాసు, బొంబాయి, ఢిల్లీ ఐఐటీలు నాలుగు కేంద్రాలుగా ఏర్పడ్డాయి. మన అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ కోసం 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీ సంస్థలతో చేతులు కలిపింది. ఐబీఎం క్వాంటమ్ కంప్యూటర్ గుండె కూడా అతివాహక చిప్పే. దానికీ పలుచని పొరలు కావాలి, నమూనా గీసే లిథోగ్రఫీ కావాలి, అంతకంటే తీవ్రమైన చలి కావాలి. నానోతీగలు చేయడం నేర్చినవారికి ఆ విద్యలో చాలా భాగం ముందే వచ్చి ఉంటుంది. అలాంటి యంత్రం మన గడ్డ మీదికి వచ్చినప్పుడు దాని మీద ప్రోగ్రాములు రాసేవాళ్లు వేలల్లో దొరుకుతారు. లోపల ఉన్నది విప్పి చూసి, బాగుచేసి, అంతకంటే మంచిది చేయగలవాళ్లు ఎంతమంది ఉంటారన్నదే నా ఆలోచన.

విద్యార్థులకు నాలుగు మాటలు. దరఖాస్తు పెట్టే ముందు ఆ బృందం ఇటీవల ప్రచురించిన పత్రాలు రెండైనా చదవండి. ఆచార్యుడికి రాసే ఉత్తరంలో ఆ పత్రంలో మీకు కలిగిన ప్రశ్నను రాయండి. పొగడ్తల కంటే ఆ ప్రశ్నకే విలువ. బ్రిటన్‌లో పీహెచ్‌డీ సాధారణంగా మూడున్నర నుంచి నాలుగేళ్లు, అమెరికాలో ఐదారేళ్లు. నెదర్లాండ్స్‌లో చాలావరకు జీతమిచ్చే నాలుగేళ్ల ఉద్యోగం. విదేశీ విద్యార్థికి ఫీజు పూర్తిగా విశ్వవిద్యాలయంవాళ్లే భరిస్తారా, భృతి ఎన్నేళ్లు ఇస్తారు, తయారీ గదుల్లో యంత్రాల మీద మీరే పనిచేయనిస్తారా – ఈ మూడూ రాతపూర్వకంగా అడగండి. మొహమాటపడకండి. సొంత అప్పులతో చేయవలసిన చదువు కాదిది. మన దేశంలో నెట్, గేట్, జెస్ట్ పరీక్షల ద్వారా వెళ్లవచ్చు. జూనియర్ రీసెర్చ్ ఫెలోకు 2023 నుంచి నెలకు 37,000 రూపాయల భృతి, దానిపై ఇంటి అద్దె భత్యం ఉన్నాయి.

కళాశాలలో పెద్ద ప్రయోగశాల లేదని వెనకాడకండి. ఐఐఎస్సీ, కొన్ని ఐఐటీలు తమ నానో తయారీ కేంద్రాలను బయటి విద్యార్థులకూ తెరిచి, చేతితో చేయించి నేర్పే కార్యక్రమం ఒకటి నడుపుతున్నాయి. ఇండియన్ నానోఎలక్ట్రానిక్స్ యూజర్స్ ప్రోగ్రామ్ దాని పేరు. మాస్టార్లు తమ విద్యార్థులను దానికి పంపాలని నా విన్నపం. ఈలోగా మీ కళాశాలలో ఉన్న వాక్యూమ్ పంపు, ఆసిలోస్కోపు, చివరికి ఒక సోల్డరింగ్ ఐరన్ అయినా సరే, దాని మీద చేయి తిరిగేదాకా పనిచేయండి. చిన్న సంకేతాన్ని గోలలోంచి వేరు చేయడం అక్కడే మొదలవుతుంది. కొలతల పుస్తకం శుభ్రంగా రాసే అలవాటు ఇప్పుడే చేసుకోండి. సరిగా రాని ఫలితాన్ని కూడా రాయండి, తారీఖు వేసి రాయండి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఈ చదువులో ఉద్యోగం ఆలస్యంగా వస్తుంది, నిజమే. కానీ భృతితో నడిచే చదువు ఇది. నేర్చిన పని ప్రపంచంలో కొద్దిమందికే తెలిసినది. అమ్మాయి అయినా అబ్బాయి అయినా ప్రయోగశాలలో ఆసక్తిగా గంటలు గడుపుతుంటే ఆ ఆసక్తిని అడ్డుకోకండి.

ఫోటాన్ కాంతిలో అతి చిన్న భాగం. దాన్ని వదలకుండా పట్టుకునే పరికరాన్ని తమ చేతులతో చేసిన తెలుగు యువతీయువకులు రానున్న పదేళ్లలో పదులు కాదు, వందల సంఖ్యలో ఉండాలి. వాళ్లలో కొందరు ఇప్పుడు ఈ మాటలు వింటూ ఉంటారని నా నమ్మకం. రేపు ఉదయం మీ మాస్టారి దగ్గరకు వెళ్లండి. అతివాహకత్వం గురించి అడగండి. అక్కడి నుంచి మొదలుపెట్టండి.